పల్లకీ నుంచి కరెంటు దాకా: బోయిగూడలో భూమి, అడవి, ఇంధనం

5.1 విషయ పరిచయం

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు రెండు ముఖాలున్నాయి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు బస్సులు, ఆటోలు, హోటళ్ల సందడి. పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికి వస్తే బోయిగూడ. అటు నుంచి గాంధీ ఆసుపత్రి దిక్కుగా నడిచి చూడండి. టేకు దుంగలు పేర్చిన కట్టెల అడితులు, రంపపు మిల్లుల చప్పుడు, ప్లైవుడ్ దుకాణాలు, తుక్కు గోదాములు కనిపిస్తాయి. వాటి మధ్యనే అపార్ట్‌మెంట్లు, వాటి పైనుంచి కరెంటు తీగలు. కాస్త దూరంలో 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తున్న మెట్రో మార్గం.

మనిషి భూమిని, ప్రకృతిని, శక్తి వనరులను కాలక్రమంలో ఎలా మలుచుకున్నాడో చెప్పమంటే చాలామంది విద్యార్థులు పెద్ద ఆనకట్టలతో మొదలుపెడతారు. జవాబు పత్రాల్లో నేను ఎక్కువగా చూసింది అదే. అది తప్పేమీ కాదు. అయితే ఒక మామూలు బస్తీని తీసుకుని, అక్కడి జనం ఏ కాలంలో ఏ శక్తిని వాడారు, ఆ శక్తి కోసం ఎక్కడి నేల ఖర్చయింది అని అడిగితే విషయం మరింత బాగా బోధపడుతుంది. ఈ పాఠంలో ఆ ఒక్క ప్రశ్నతోనే బోయిగూడను చూద్దాం.

ముందుగా ఒక భావన. వనరు అనేది ప్రకృతిలో సిద్ధంగా ఉండే వస్తువు కాదు. ఒక పదార్థాన్ని వాడుకునే తెలివి, పనిముట్టు, అధికారం మనిషికి సమకూరినప్పుడే అది వనరు అవుతుంది. ఎరిక్ జిమ్మర్‌మన్ అనే ఆర్థికవేత్త 1933లో వనరుల మీద రాసిన గ్రంథంలో ఈ వాదాన్ని బలంగా నిలబెట్టాడు. గోదావరి లోయలో బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైగా ఉంది. అది వనరు అయింది మాత్రం గత నూట యాభై ఏళ్లలోనే. ఈ తేడాను మనసులో పెట్టుకుని ముందుకు వెళ్దాం.

5.2 ఊరి పేరులో దాగిన శక్తి

తెలుగులో బోయీ అంటే పల్లకీ మోసేవాడు. గూడ అంటే నివాసం. బోయీలు ఉండిన చోటు కాబట్టి బోయిగూడ అయిందని స్థానికులు చెబుతారు. ఒకసారి సంప్రదింపు తరగతిలో, ‘ఈ ప్రాంతంలో అన్నిటికన్నా పాత శక్తి వనరు ఏది?’ అని అడిగాను. కట్టె అన్నారు, బొగ్గు అన్నారు, ఒకరు రైలు అన్నారు. మనిషి భుజం అని ఎవరూ అనలేదు. ఊరి పేరే ఆ సంగతి చెబుతోంది మరి!

దీన్ని లెక్కలో చూద్దాం. ఆరోగ్యవంతుడైన మనిషి రోజంతా అలసిపోకుండా చేయగల పని సుమారు 75 వాట్లు. ఎనిమిది గంటలు పనిచేస్తే 0.6 యూనిట్. మనం కరెంటు బిల్లులో చూసే యూనిట్ ఇదే. ఇంట్లో పాతరకం సీలింగ్ ఫ్యాను తీసుకునేది కూడా దాదాపు 75 వాట్లే. అంటే రాత్రి మీరు నిద్రపోయే ఎనిమిది గంటలూ మీ ఫ్యానును తిప్పేది ఒక బోయీ పగటి శ్రమతో సమానమైన శక్తి.

ఆ శ్రమకు నేల ఎక్కడ ఖర్చయింది? జొన్న చేలో. కష్టం చేసే మనిషికి రోజుకు సుమారు 3,000 కిలో కేలరీల ఆహారం కావాలి. యూనిట్లలోకి మార్చితే అది మూడున్నర యూనిట్లు. అందులో పనిగా బయటికి వచ్చేది 0.6 మాత్రమే. మిగిలింది ఒంట్లో వేడిగా, ప్రాణం నిలపడానికి ఖర్చవుతుంది. అతని ఆహారమంతా జొన్నే అనుకుంటే ఏడాదికి మూడు క్వింటాళ్ల పైచిలుకు కావాలి. వానపంటగా ఎకరాకు రెండు క్వింటాళ్లు పండుతాయనుకుంటే, ఒక్క బోయీ వెనుక ఎకరంన్నర పైగా జొన్న చేను ఉంది. ఎద్దుల బండి వెనుక అయితే గడ్డి భూమి, చొప్ప, గట్ల మీది మేత ఉంటాయి. యంత్రాలు లేని కాలంలో శక్తి అంటే నేల, నేల అంటే శక్తి. జాగీర్లు, ఇనాములు, శిస్తు గురించి చరిత్ర పాఠాల్లో చదివేటప్పుడు ఈ సంగతిని గుర్తు చేసుకోండి. నేల మీద పట్టు ఉన్నవాడికి మనుషుల శ్రమ మీద కూడా పట్టు ఉండేది. పల్లకీలో కూర్చున్నవాడికీ మోసినవాడికీ మధ్య ఉన్నది అదే.

5.3 కట్టె, బండి, దూరం

1798 సంధి తరువాత ఆంగ్లేయుల సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దండు దిగింది. 1806లో ఆ దండు స్థావరానికి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. దండు పెరిగేకొద్దీ బజార్లు పెరిగాయి, పొయ్యిలు పెరిగాయి. ప్రతి పొయ్యికీ కట్టె కావాలి. ఇటుక బట్టీకి, సున్నపు బట్టీకి, కమ్మరి కొలిమికి అంతకన్నా ఎక్కువ కావాలి.

కట్టె బరువైన సరుకు, చవకైన సరుకు. బండి మీద ఎక్కువ దూరం తెస్తే కట్టె విలువ కన్నా ఎద్దులు తినే మేత ఖర్చే ఎక్కువవుతుంది. జర్మనీకి చెందిన వాన్ థ్యూనెన్ 1826లో ప్రచురించిన సిద్ధాంతం ఇక్కడే పనికొస్తుంది. నగరం చుట్టూ భూవినియోగం వలయాలుగా ఏర్పడుతుందని ఆయన చెప్పాడు. మొదటి వలయంలో త్వరగా పాడయ్యే పాలు, కూరగాయలు. రెండో వలయంలోనే అడవి. ధాన్యం పండే పొలాలు ఆ తరువాతి వలయాల్లో! ఇప్పటి విద్యార్థికి ఇది వింతగా తోస్తుంది. నగరం పక్కన ఎవరైనా అడవి పెంచుతారా? వంట గ్యాసు, కరెంటు ఉన్న లోకంలో పెంచరు. కట్టె తప్ప వేరే ఇంధనం లేని లోకంలో అడవి దగ్గర ఉండి తీరాలి. లేకపోతే నగరమే పెరగదు.

ఈ సిద్ధాంతంలో వలయాలు చక్కని గుండ్రంగా ఉంటాయి. దక్కన్ రాతి గుట్టల మీద అలా ఉండవు. కానీ తర్కం మారదు. కట్టె మీద బతికే పట్టణం తన చుట్టూ ఉన్న చెట్టును తానే తినేస్తుంది. చెట్టు దూరమైనకొద్దీ కట్టె ధర పెరుగుతుంది. పిడకలు, చొప్ప, కంపచెట్లు పొయ్యిలోకి వస్తాయి. పొలానికి పోవలసిన పేడ పొయ్యిలో కాలితే నేల బలం తగ్గుతుంది. శక్తి కొరత భూసారం కొరతగా మారే తీరు ఇది. జార్జ్ పెర్కిన్స్ మార్ష్ అనే అమెరికన్ 1864లో, మనిషి చేతల వల్ల అడవులు పోయి నేలలు, నీళ్లు ఎలా చెడతాయో మధ్యధరా దేశాల ఉదాహరణలతో రాశాడు. ఆ పుస్తకం వచ్చిన పదేళ్లకు సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది.

5.4 రైలు రాక, బొగ్గు రాక

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం పూర్తయింది. తరువాత అది తూర్పుకు సాగి, వరంగల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. అదే కాలంలో మరో కథ నడుస్తోంది. 1871లో భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. అక్కడి ఒక బొగ్గు పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు వచ్చింది. రైలు, బొగ్గు ఒకే కాలంలో రావడం యాదృచ్ఛికం కాదు. గని లేకపోతే ఇంజనుకు ఆహారం లేదు, రైలు లేకపోతే గనికి బజారు లేదు.

ఆ రెండూ కలిసి వాన్ థ్యూనెన్ వలయాన్ని తెంచేశాయి. ఎద్దుల బండికి రోజుకు ఇరవై, ముప్పై కిలోమీటర్లు గగనం. రైలుకు రెండు వందల కిలోమీటర్లు లెక్క కాదు. ఇక ఇంధనం పక్కనే పండనక్కరలేదు. రైలు దూరాన్ని తగ్గించిందని పుస్తకాల్లో రాస్తారు. మన ప్రశ్న నుంచి చూస్తే అది దూరాన్ని పెంచింది కూడా. శక్తిని వాడే చోటుకూ, ఆ శక్తి కోసం నేల ఖర్చయ్యే చోటుకూ మధ్య ఎడం పెరిగింది.

అంతమాత్రాన అడవికి ఊరట దొరికిందనుకోకండి. పట్టాల కింద వేసే స్లీపర్లకు గట్టి కలప కావాలి. పెరుగుతున్న పట్టణానికి దూలాలు, వాసాలు, తలుపులు, కిటికీలు కావాలి. ఆదిలాబాద్, గోదావరి తీరపు అడవుల్లోని టేకుకు ధర వచ్చింది. ధర వచ్చిన అడవికి హద్దు రాళ్లు వచ్చాయి, రిజర్వు అడవులు వచ్చాయి, అటవీ సిబ్బంది వచ్చారు. అప్పటిదాకా పోడు చేసుకుని, పశువులు మేపుకుని బతికిన గోండులు, కొలాములు తమ నేల మీదే నేరస్థులయ్యారు. నీరు, అడవి, భూమి మాదేనంటూ కుమ్రం భీం నాయకత్వంలో సాగిన పోరాటం 1940లో జోడేఘాట్‌లో ఆయన మరణంతో ముగిసింది. ఆ తరువాతే నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పరిశీలనకు పంపింది. బోయిగూడలో ఒక తలుపు చెక్క ధర అక్కడ ఒక కుటుంబం పోడు భూమితో ముడిపడి ఉందన్నమాట. కొన్నవాడికి ఆ ముడి కనబడదు.

1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాన్ని కట్టారు. అప్పుడు పొగ గొట్టమైనా నగరం కళ్ల ముందే ఉండేది. తరువాత ఆ కేంద్రం మూతపడింది, కట్టడాలను తొలగించారు. ఆ తీరంలో ఇప్పుడు ఉద్యానవనాలు, సినిమా హాళ్లు ఉన్నాయి. కరెంటు ఆగలేదు. పొగ గొట్టం మాత్రం రామగుండానికి, కొత్తగూడేనికి, భూపాలపల్లికి తరలిపోయింది.

5.5 ఒక లెక్క: భూమి కింది అడవి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది.

బొగ్గు కట్టె కన్నా ఎంతో బలమైనది కాబట్టి గెలిచిందని చాలామంది అనుకుంటారు. మేలు రకం బొగ్గు విషయంలో అది నిజమే. మన విద్యుత్ కేంద్రాలకు వెళ్లే మామూలు బొగ్గు సంగతి వేరు. అందులో మూడో వంతు దాకా బూడిదే ఉంటుంది. కిలో బొగ్గుకు వచ్చే వేడి నాలుగు వేల కిలో కేలరీలకు కాస్త అటూ ఇటూ. బాగా ఎండిన కట్టె కిలోకు 3,500 నుంచి 4,000 ఇస్తుంది. పెద్ద తేడా లేదు. మరి బొగ్గు గెలిచింది దేనివల్ల?

రామగుండం ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని తీసుకుందాం. మొదటి యూనిట్ 1983లో మొదలైంది. స్థాపిత సామర్థ్యం 2,600 మెగావాట్లు. దాని కరెంటు మనకే కాక ఇతర దక్షిణాది రాష్ట్రాలకూ వెళుతుంది. సామర్థ్యంలో 80 శాతం నడిచిందనుకుంటే రోజుకు దాదాపు 5 కోట్ల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు సుమారు 0.7 కిలో బొగ్గు చొప్పున రోజుకు 35,000 టన్నులు. ఏడాదికి సుమారు 1.28 కోట్ల టన్నులు.

ఇప్పుడు ఆ బొగ్గు లేదనుకుని అంతే బరువు కట్టెతో నడపాలని చూడండి. మన ఆకురాల్చు అడవి నుంచి, అడవి తగ్గిపోకుండా, హెక్టారుకు ఏడాదికి ఒక టన్ను కట్టె తీస్తామనుకుందాం. అప్పుడు 1.28 కోట్ల హెక్టార్ల అడవి కావాలి. తెలంగాణ రాష్ట్ర విస్తీర్ణం మొత్తం 1,12,077 చదరపు కిలోమీటర్లు, అంటే 1.12 కోట్ల హెక్టార్లు. ఊళ్లు, పొలాలు, చెరువులు, నగరాలు అన్నీ తీసేసి రాష్ట్రమంతా అడవి చేసినా ఒక్క విద్యుత్ కేంద్రానికి చాలదు!

హెక్టారుకు రెండు టన్నులు వస్తాయని మీరు వాదించవచ్చు. అప్పుడు సగం రాష్ట్రం కావాలి. నేను తీసుకున్న సంఖ్యలను మార్చి చూడండి. జవాబు మారుతుంది, కానీ చిన్నదైపోదు.

బొగ్గు గెలిచింది బలంతో కాదు, నిల్వతో. గోదావరి లోయ బొగ్గు గ్లాసోప్టెరిస్ వంటి మొక్కలు పెరిగిన కాలానిది. కోట్ల సంవత్సరాల ఎండను ఆ మొక్కలు పట్టి దాచాయి. జర్మన్ చరిత్రకారుడు సీఫెర్లే 1982లో బొగ్గు చరిత్ర మీద రాసిన పుస్తకానికి ‘భూమి కింది అడవి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ మాట మన లెక్కకు అతికినట్టు సరిపోతుంది. ఇంగ్లండ్ ఆర్థిక చరిత్ర రాసిన రిగ్లీ ఇదే సంగతిని మరో విధంగా చెప్పాడు. నేల మీద ఏటా పండే దాని మీద నడిచే ఆర్థిక వ్యవస్థ ఒకటి, నేల కింద కూడిన నిల్వ మీద నడిచేది ఇంకొకటి. మొదటి దానికి ఏటా ఒక హద్దు ఉంటుంది. రెండో దానికి హద్దు ఉన్నా అది రేపటి మీదికి వాయిదా పడుతుంది.

నిల్వను తీయడానికైతే నేల ఖర్చు కాదా? అవుతుంది. భూగర్భ గనుల్లో అది కొంత కనబడకుండా జరిగింది. 1970ల మధ్య నుంచి సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాక కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. బొగ్గు పైనున్న మట్టిని, రాతిని తవ్వి పక్కన పోస్తారు. గోదావరిఖని, మంథని దారిలో వెళ్లేవారికి కనిపించే ఆ కొత్త గుట్టలు దేవుడు పెట్టినవి కావు. వాటిని ఓబీ కుప్పలంటారు. ఆ గుంత ఉన్నచోట పొలాలుండేవి, ఇళ్లుండేవి. విద్యుత్ కేంద్రం పక్కన బూడిద చెరువు కోసం మరికొంత నేల పోతుంది. బోయిగూడలో స్విచ్ వేసినవారికి ఈ కుప్పా తెలియదు, ఆ చెరువూ తెలియదు. పొయ్యిలో కట్టె పెట్టిన ఇల్లాలికి మాత్రం కట్టె ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత తరిగిందో తెలుసు. పొగ ఆమె కళ్లలోనే పడేది. ఆ పొగ మళ్లీ రావాలని నేను కోరడం లేదు. కరెంటు, గ్యాసు ఆడవాళ్ల ఊపిరితిత్తులకు చేసిన మేలు చిన్నది కాదు. తెలియకపోవడం గురించే నా మాట.

మీ పురోగతిని పరీక్షించుకోండి: బోయీ ఒక రోజు చేసే పనికి సమానమైన కరెంటును బొగ్గుతో ఉత్పత్తి చేయడానికి సుమారు ఎంత బొగ్గు కావాలి? (సూచన: 0.6ను 0.7తో గుణించండి. వచ్చిన జవాబును ఎకరంన్నర జొన్న చేనుతో పోల్చి మూడు వాక్యాలు రాయండి.)

5.6 అడితులు ఎందుకు మిగిలాయి?

కొత్త ఇంధనం వస్తే పాతది మాయమవుతుందని అనుకోవడం పరిపాటి. బోయిగూడ అలా చెప్పదు. బరువైన సరుకు దిగిన చోటే నిలుస్తుంది కాబట్టి రైలు స్టేషన్ పక్కన కలప వ్యాపారం వేళ్లూనుకుంది. దుంగ వచ్చిన చోటికి రంపపు మిల్లు, మిల్లు పక్కకు వడ్రంగి, వడ్రంగి పక్కకు మేకులు, బందులు, పాలిష్ అమ్మే దుకాణం. ఒకదానికొకటి ఆసరాగా నిలిచిన ఈ గుంపును భూగోళ శాస్త్రంలో సముదాయ ప్రయోజనం అంటారు. ఒకసారి ఏర్పడ్డాక, దాన్ని పుట్టించిన కారణం పోయినా గుంపు విడిపోదు. ఇప్పుడు కలప లారీల్లో వస్తుంది. అయినా అడితులు అక్కడే ఉన్నాయి.

వాటిలోకి వచ్చే కలప మాత్రం మారింది. 1980 అటవీ సంరక్షణ చట్టం, ఆ తరువాత గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశంలో కలప కథను మలుపు తిప్పాయి. ఆమోదం పొందిన వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవిలో చెట్టు కొట్టరాదని, కేంద్రం అనుమతి లేకుండా అటవీ భూముల్లో రంపపు మిల్లుల వంటి అటవీయేతర పనులు సాగరాదని కోర్టు చెప్పింది. ఇళ్ల నిర్మాణం ఆగలేదు కాబట్టి దిగుమతి పెరిగింది. మలేసియా, మయన్మార్, ఆఫ్రికా దేశాల దుంగలు వచ్చాయి. 2014లో మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించింది. అప్పుడు వ్యాపారం ఇంకో దేశం వైపు తిరిగింది. మన అడవికి కొంత రక్షణ దొరికింది, సందేహం లేదు. అయితే గొడ్డలి ఆగిందా, దూరం వెళ్లిందా అని మన ప్రశ్నను ఇక్కడ కూడా వేయాలి.

అడితుల గురించి ఒక సొంత జ్ఞాపకం. నా చిన్నతనంలో మా ఇంట్లో పొట్టు పొయ్యి ఉండేది. రంపపు మిల్లు నుంచి బస్తాల్లో పొట్టు తెచ్చేవాళ్లం. రేకు డబ్బా మధ్యలో నిలువుగా ఒక రోకలి, కింద అడ్డంగా ఒక కర్ర పెట్టి, చుట్టూ పొట్టును గట్టిగా దట్టించి, ఆపై రెండింటినీ మెల్లగా లాగేయాలి. సందు కూలిందో, మళ్లీ మొదటి నుంచి! సరిగా కుదిరితే ఒక్క డబ్బా పూట వంటంతా వండేది. ఒక పరిశ్రమ పారేసేది ఇంకొక ఇంటికి ఇంధనం. పుస్తకాల్లో ఇప్పుడు చక్రీయ ఆర్థిక వ్యవస్థ అంటున్నది మాకు పొద్దున్నే చేయాల్సిన పని. గ్యాసు సిలిండరు వచ్చిన రోజున ఆ డబ్బాను ఎవరూ తలచుకోలేదు. నేనైతే పండగ చేసుకున్నాను.

కాలే సరుకు నిల్వ ఉన్న చోటు గురించి ఇంకో సంగతి చెప్పకుండా ఈ భాగాన్ని ముగించలేను. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు లేచాయి. పై అంతస్తులో నిద్రపోతున్న 11 మంది కార్మికులు చనిపోయారు. అందరూ బిహార్ నుంచి బతకడానికి వచ్చినవారు. దీన్ని ప్రమాద వార్తగా చదివి వదిలేయవచ్చు. భూవినియోగం చదివే విద్యార్థి ఇంకొంచెం ఆగాలి. ఒక టన్ను ఎండు కట్టెలో దాదాపు 4,000 యూనిట్లకు సమానమైన వేడి ఉంటుంది. కట్టె, అట్ట, ప్లాస్టిక్ ఏదైనా సరే, గోదాము అంటే పోగుపడిన ఇంధనం. నగరం నడిబొడ్డున నేల ధర పెరిగేకొద్దీ సరుకు, పని, పడక ఒకే కప్పు కిందికి చేరతాయి. సరుకు పైన పడుకోవాలని ఎవరూ కోరుకోరు. జీతంలో అద్దెకు మిగిలేది లేనివాడు అక్కడ పడుకుంటాడు. పల్లకీ కాలంలో శ్రమ చేసేవాడి బతుకు ఊరి పేరులోనైనా మిగిలింది. ఈ 11 మంది కూడా అలా దూరం నుంచి వచ్చి నగరాన్ని మోసినవారే.

5.7 నీటికి కూడా కరెంటే

బోయిగూడను ఆనుకుని బన్సీలాల్‌పేట ఉంది. అక్కడొక మెట్ల బావి ఉంది. ఒకప్పుడు ఆ చోటును నాగన్న కుంట అనేవారు. చుట్టుపక్కల ఇళ్లకు నీళ్లిచ్చిన ఆ బావి కుళాయిలు వచ్చాక వాడుక తప్పింది. వాడుక తప్పిన బావి మన ఊళ్లలో ఏమవుతుందో మీకు తెలుసు. చెత్తతో పూర్తిగా నిండిపోయింది. స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వ విభాగాలు కలిసి చెత్తను తీయించి, రాతి మెట్లను, మండపాలను బాగుచేశాయి. 2022 డిసెంబరులో దాన్ని మళ్లీ ప్రారంభించారు. వీలైతే వెళ్లి చూడండి. మెట్లు దిగుతుంటే కాళ్లకే అర్థమవుతుంది, నీరు ఎంత లోతులో ఉండేదో.

కుళాయి నీరు ఎక్కడి నుంచి వచ్చింది? 1562 నాటి హుస్సేన్ సాగర్ మూసీ నుంచి కాలువ ద్వారా నిండేది. 1908 సెప్టెంబరు వరదల తరువాత, ఇంజనీరు విశ్వేశ్వరయ్య సూచనలతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ఉస్మాన్ సాగర్ నిండుమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు. నగరం దానికన్నా కిందుగా ఉంది కాబట్టి నీరు వాలుకు దానంతట అదే వచ్చేది. ఆ నీటికి ఇంధనం అక్కరలేదు.

1965 నుంచి మంజీరా, 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి. కృష్ణా నీటిని నాగార్జునసాగర్ జలాశయం నుంచి తెస్తారు. ఆ జలాశయం నిండుమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హుస్సేన్ సాగర్ నిండుమట్టం 513 మీటర్లు. అంటే కృష్ణా నీరు సికింద్రాబాద్ చేరాలంటే మూడు వందల ముప్పై మీటర్లు పైకి ఎక్కాలి. వెయ్యి లీటర్ల నీటిని అంత ఎత్తుకు ఎత్తడానికి, పంపులో నష్టమే లేదనుకున్నా, 0.9 యూనిట్ కరెంటు కావాలి. నష్టాలు కలిపితే ఒకటిన్నర యూనిట్ దాకా పోతుంది. కిలో బొగ్గు అన్నమాట. బకెట్‌లో నీళ్లు పట్టేటప్పుడు అందులో కాసింత రామగుండం కలిసి ఉందని గుర్తించేవారు ఎందరు? బావిని చెత్తతో నింపగలగడానికి కారణం ఇదే. పక్కనున్న వనరు పాడైనా మన బతుకు ఆగదు. కనుక దాన్ని కాపాడాలన్న అవసరం తట్టదు.

5.8 మళ్లీ నేల మీదికి

సౌరశక్తితో కథ ఒక విచిత్రమైన మలుపు తిరుగుతోంది. భూమి కింది నిల్వ నుంచి మనం మళ్లీ నేల మీద పడే ఎండకు వస్తున్నాం. రామగుండంలోనే, ఆ బొగ్గు కేంద్రపు జలాశయం మీద, 500 ఎకరాల నీటిపై తేలే పలకలతో 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022 జులైలో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. సగటున సామర్థ్యంలో ఐదో వంతు లెక్కన రోజుకు 4.8 లక్షల యూనిట్లు. బొగ్గు కేంద్రం ఇచ్చే 5 కోట్ల యూనిట్లకు సమానం కావాలంటే అలాంటివి వందకు పైగా కావాలి, అంటే 52,000 ఎకరాలు. కట్టె లెక్కలో వచ్చిన రాష్ట్రమంత అడవితో పోలిస్తే ఇది చాలా చిన్నది. ఒక చెట్టు కన్నా సౌర పలక ఎండను ఎన్నో రెట్లు బాగా పట్టగలదు. కానీ 52,000 ఎకరాలు ఎవరివి? పచ్చిక బీళ్లను పనికిరాని భూములని కాగితాల్లో రాయడం తేలిక. గొర్రెల కాపరిని అడిగితే అక్కడ పనికిరాని భూమి ఏదీ లేదంటాడు. జలాశయం మీద పలకలు వేయడంలో ఉన్న తెలివి అదే. కొత్తగా ఎవరి నేలనూ అడగలేదు. ఇంటి కప్పు కూడా అంతే. అయితే రాత్రికి కరెంటు ఎలా అన్న ప్రశ్న దేనికైనా మిగిలే ఉంది.

బోయిగూడ కప్పుల మీద ఎంత చోటుంది? ఒక కిలోవాట్ పలకలకు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. విడి ఇంటికి ఇది బాగానే సరిపోతుంది. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒకే కప్పును ఇరవై కుటుంబాలు పంచుకోవాలి. దాని మీద నీళ్ల ట్యాంకులు, సెల్ టవరు, బట్టలారేసే తాళ్లు ఇప్పటికే ఉన్నాయి. అడితుల రేకుల కప్పులు విశాలంగా ఉంటాయి, మోయగల బలం ఉందో లేదో ఇంజనీరు చూడాలి.

క్షేత్ర పని

మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకోండి. నెలకు ఎన్ని యూనిట్లో చూసి, దాన్ని ముందు బోయీల రోజు కూలీగా, తరువాత కిలోల బొగ్గుగా, ఆపై హెక్టారుకు ఏడాదికి ఒక టన్ను చొప్పున ఎంత అడవి కావాలో లెక్కకట్టండి. ఆ తరువాత మీ ఊళ్లో వాడుక తప్పిన ఒక బావినో, చెరువునో, మూతపడిన మిల్లునో ఎంచుకోండి. దాన్ని వాడిన రోజులు గుర్తున్న పెద్దవారిలో కనీసం ఇద్దరిని కలిసి మాట్లాడండి. ఏ సంవత్సరంలో వాడకం తగ్గింది, దాని స్థానంలో ఏది ఎంత దూరం నుంచి వచ్చింది, ఇప్పుడు ఆ స్థలం ఎవరి చేతిలో ఉంది అన్న మూడు సంగతులను నాలుగు పేజీలకు మించకుండా రాయండి. వీలుంటే చేత్తో గీసిన పటం జతచేసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.